ఆ కారు ధరను నేటి డబ్బులోకి మార్చకండి

పోయిన వేసవిలో ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలోని ఒక పల్లె మైదానంలో పాత కార్ల ప్రదర్శన జరిగింది. మేం ముగ్గురు మిత్రులం వాటాలు వేసుకుని కొన్న ఫోర్డ్ మోడల్ వై కారును అక్కడికి తీసుకెళ్లాం. 1936 నాటి బండి. గేటు దగ్గర ప్రతి కారుకూ ఒక అట్ట ఇచ్చారు. తయారైన సంవత్సరం, ఇంజను, అప్పటి ధర, నేటి డబ్బులో ఎంత, ఇలా నాలుగు గడులు. మూడు నింపి నాలుగోది ఖాళీగా వదిలాను. అట్టలు సరిచూసే యువకుడు వచ్చి, నేను మరిచిపోయాననుకుని, ఫోన్‌లో లెక్క కట్టి కొన్ని వేల పౌండ్ల అంకె ఒకటి తానే రాసి వెళ్లాడు. పాపం, సాయం చేద్దామనే చేశాడు.

ఆ తర్వాత మధ్యాహ్నం దాకా మా కారు ముందు ఆగిన ప్రతివారూ ఒకటే మాట అన్నారు. "అబ్బ, కొత్త కారు ఇంత చవకగా వచ్చేదా!"

చవక కాదు. ఆ మాట అబద్ధమని ఎలా చెప్పాలో తెలియక ఆ రోజంతా గింజుకున్నాను. అప్పుడు చెప్పలేకపోయిందే ఇక్కడ రాస్తున్నాను.

మా కారు అసలు ధర 100 పౌండ్లు. 1935 అక్టోబరులో ఫోర్డ్ కంపెనీ మోడల్ వై ధరను అక్కడికి దించింది. 1932లో ఇది మొదట మార్కెట్లోకి వచ్చినప్పుడు 120 పౌండ్లు. నలుగురు కూర్చునే, పైకప్పు మూసి ఉన్న పూర్తిస్థాయి కారు నూరు పౌండ్లకు రావడం బ్రిటన్‌లో అదే మొదటిసారి. అంతకు నాలుగేళ్ల ముందు మోరిస్ కంపెనీ కూడా నూరు పౌండ్ల కారు తెచ్చింది కానీ, అందులో సీట్లు రెండే, పైకప్పు గుడ్డది. "నూరు పౌండ్ల కారు" అనేది ఆ కాలంలో ఒక పందెం లాంటిది. ఎవరు ముందు ఆ గీత తాకుతారన్నదే పోటీ.

ఇప్పుడు ఆ నూరు పౌండ్లను ఆనాటి మనిషి జేబులో పెట్టి చూడండి. 1938లో బ్రిటన్ కర్మాగారాల్లో పనిచేసే వయోజన పురుషుడి సగటు వారం సంపాదన 69 షిల్లింగులు. ఆనాటి లెక్కలో 20 షిల్లింగులు ఒక పౌండు కాబట్టి 3 పౌండ్ల 9 షిల్లింగులు. ఇల్లు, తిండి, బట్ట ఏదీ లేకుండా ప్రతి పెన్నీ దాచినా నూరు పౌండ్లు కూడడానికి 29 వారాలు పడుతుంది. ఇల్లు, తిండి, బట్ట లేకుండా ఎవరూ బతకరు. అందుకే ఆ కారును తయారుచేసిన డాగెనమ్ కర్మాగారం కార్మికుల్లో చాలామంది దాన్ని చేతులతో తాకారే తప్ప కొనలేదు. ఆ రోజుల్లో గ్యాలను పెట్రోలు షిల్లింగున్నరకు అటూ ఇటూగా ఉండేది. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ 69 షిల్లింగుల వారం జీతం మొత్తం పెట్రోలుకే పోసినా 46 గ్యాలన్లు, సుమారు 209 లీటర్లు. నేటి బ్రిటన్‌లో సగటు వారం జీతంతో అంతకు రెట్టింపు కన్నా ఎక్కువే వస్తుంది. మరి ఏ కాలం చవక?

ద్రవ్యోల్బణం లెక్క తప్పని నేను అనడం లేదు. రొట్టె, బొగ్గు, సబ్బు ధరల సగటును 90 ఏళ్ల ఇవతలికి మోసుకురావడానికి అది పనికొస్తుంది. కారు సబ్బు కాదు. రొట్టె ఆనాడూ అందరూ తిన్నారు, నేడూ తింటున్నారు. కారు ఆనాడు డాక్టరుకు, దుకాణం యజమానికి, బడి ప్రధానోపాధ్యాయుడికి దక్కిన వస్తువు. రెండింటికీ ఒకే గుణకం పెట్టి హెచ్చిస్తే అంకె వస్తుంది, అర్థం రాదు.

ఈ పట్టుదల నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. కారుతో పాటు మాకు ఒక రేకు పెట్టె వచ్చింది. అందులో ఒక విడి చక్రం బోల్టు, తుప్పు పట్టిన రెండు పానాలు, అట్ట ఊడిన ఒక నోటు పుస్తకం. కారు మొదటి యజమాని రాసుకున్న ఖర్చుల లెక్క అది. పేరు రాసుకోలేదు. మొదటి పేజీలో మొదటి పంక్తి: కారు, 100-0-0. ఆ కింద పెట్రోలు, నూనె, టైరు, పన్ను. ప్రతి పేజీకీ కుడివైపు మూడు నిలువు గళ్లు. పౌండ్లు, షిల్లింగులు, పెన్నీలు. మా ముగ్గురిలో ఇద్దరు ఇంగ్లండ్‌లోనే పుట్టినవారు, కానీ బ్రిటన్ ఆ పాత డబ్బు లెక్కను వదిలేసిన 1971 తర్వాత పుట్టారు. ఆ గళ్లను కూడడం వాళ్లకు చేతకాలేదు. నాకు వచ్చు. వాళ్లు ఆశ్చర్యపోయారు. నిజానికి నేనూ ఆశ్చర్యపోయాను, ఎందుకంటే ఆ కూడిక నాకు నేర్పింది గోదావరి జిల్లాలో ధాన్యం వ్యాపారం చేసిన మా తాతయ్య.

తాతయ్య పద్దు పుస్తకం ఎర్ర గుడ్డ అట్టతో, పొడుగ్గా ఉండేది. అందులోనూ కుడివైపు మూడు గళ్లే. రూపాయలు, అణాలు, పైలు. 12 పైలు ఒక అణా, 16 అణాలు ఒక రూపాయి. వేసవి సెలవుల్లో పాత పద్దులు ముందు వేసి కూడమనేవారు. పైల గడి కూడి పన్నెండుతో భాగించు, మిగిలింది రాయి, వచ్చింది పక్క గడిలోకి తోయి. అణాలను పదహారుతో భాగించు, మళ్లీ తోయి. బ్రిటన్ లెక్కలో తేడా ఒక్కటే. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. పదహారు ఉన్నచోట ఇరవై పెట్టుకుంటే చాలు. ఆ రాత్రి గ్యారేజీలో, మోడల్ వై బానెట్ మీద నోటు పుస్తకం పెట్టి కూడుతుంటే, నా పెదవులు తెలుగులో కదులుతున్నాయని మిత్రుడు చెప్పాడు.

ఇది కేవలం పోలిక కాదు. ఆ రెండు పుస్తకాల మధ్య నిజంగానే ఒక తాడు ఉంది. 1927లో రూపాయి విలువను చట్టం చేసి ఒక షిల్లింగు ఆరు పెన్నీలకు, అంటే షిల్లింగున్నరకు కట్టేశారు. 1966లో రూపాయి విలువ తగ్గించేదాకా ఆ ముడి అలాగే ఉంది. అంటే పౌండుకు 13 రూపాయల 5 అణాల 4 పైలు. మా కారు ధర మా తాతయ్య పుస్తకంలో పడి ఉంటే 1333-5-4 అని పడేది. ఇంగ్లండ్‌లో ఒక గ్యాలను పెట్రోలు, మన రూపాయి, రెండూ ఒకటే షిల్లింగున్నర. హైదరాబాదు సంస్థానంలో ఉన్నవారికైతే ఇంకో మెట్టు కూడా ఉండేది. నిజాం హాలీ సిక్కా రూపాయలు ఏడు ఇస్తే బ్రిటిష్ కల్దారు రూపాయలు ఆరు వచ్చేవి. ఒకేసారి రెండు డబ్బుల్లో ఆలోచించిన మనుషులు మన తాతల్లో ఉన్నారు.

240 పెన్నీల పౌండు అర్థం లేని గందరగోళమని చాలామంది అంటారు. పాత కార్ల వాళ్లలోనూ అనేవారున్నారు. నేను ఒప్పుకోను. 240ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 20 ఉన్నాయి. నూరుకు తొమ్మిదే. మేం ముగ్గురం ఒక పౌండు ఖర్చును పంచుకోవాలంటే నేటి లెక్కలో 33 పెన్నీల చొప్పున పోను ఒక పెన్నీ మిగిలి ఎవరి వాటాలో వేయాలో తెలియదు. పాత లెక్కలో తలా 6 షిల్లింగుల 8 పెన్నీలు, ఏమీ మిగలదు. మన రూపాయిని ముగ్గురికి పంచినా అంతే, 5 అణాల 4 పైలు. సంతలో, పొలంలో, వాటాల వ్యాపారంలో పుట్టిన లెక్క అది. దశాంశం యంత్రానికి సుఖం, పాత లెక్క పంపకానికి సుఖం. భారతదేశం 1957 ఏప్రిల్ 1న, బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15న పాత లెక్కను వదిలేశాయి. వదలడం సరైనదే కావచ్చు. ఆ పాత లెక్కను తెలివితక్కువ పనిగా గుర్తుంచుకోవడం మాత్రం సరికాదు.

అయితే నాణేల మీద మోజు కూడా నాకు అంతగా పట్టదు. ప్రతి ప్రదర్శనలోనూ ఒక బల్ల మీద పాత నాణేలు కుప్పపోసి అమ్ముతారు. పన్నెండు మూలల మూడు పెన్నీల బిళ్ల, రెండున్నర షిల్లింగుల హాఫ్ క్రౌను, పిచ్చుకలాంటి చిన్న పిట్ట బొమ్మతో ఉండే ఫార్దింగు. చుట్టూ చేరినవాళ్లు ఒకరినొకరు పరీక్షించుకుంటారు. గినీకి ఎన్ని షిల్లింగులు? ఇరవై ఒకటి. 1958లో లండన్‌లో మొదటి పార్కింగ్ మీటరులో గంటకు ఎంత వేయాలి? ఆరు పెన్నీలు. 1935లో డ్రైవింగ్ పరీక్ష రుసుము? ఏడున్నర షిల్లింగులు. సరదాగానే ఉంటుంది, నేనూ పాల్గొంటాను. కానీ ఆ డబ్బు కారు చుట్టూ చేరిన అలంకారమన్నట్టు, కారు వేరు, డబ్బు వేరు అన్నట్టు మాట్లాడతారే, అక్కడే నాకు పేచీ. ఆ కార్ల ఇనుములోకే ఆ డబ్బు దిగి ఉంది. ఇంజను విప్పితే కనపడుతుంది.

1921 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో కారు మీద ఏటా ఒక్కో అశ్వశక్తికి ఒక పౌండు చొప్పున పన్ను వేశారు. రోడ్లు వేయడానికి నిధి కావాలన్నారు. అశ్వశక్తిని ఎలా కొలవాలి? ఇంజను నిజంగా ఎంత బలంతో తిప్పుతుందో చూడలేదు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్ల పాత సూత్రం ఒకటి పట్టుకున్నారు. సిలిండర్ అడ్డుకొలత ఎన్ని అంగుళాలో చూసి, దాన్ని దానితోనే హెచ్చించి, సిలిండర్ల సంఖ్యతో హెచ్చించి, రెండున్నరతో భాగించాలి. అంతే. పిస్టన్ ఎంత దూరం పైకీ కిందికీ కదులుతుందో, అంటే స్ట్రోకు ఎంతో, ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఇంజనీరుకు ఈ సూత్రం చూపిస్తే ఏం చేస్తాడు? సిలిండరును సన్నగా చేస్తాడు, స్ట్రోకును పొడుగు చేస్తాడు. బ్రిటిష్ ఇంజనీర్లు సరిగ్గా అదే చేశారు. మా మోడల్ వై సిలిండర్ అడ్డుకొలత 56.6 మిల్లీమీటర్లు, స్ట్రోకు 92.5. బావిలా లోతైన, ఇరుకైన సిలిండరు. సూత్రంలో వేస్తే 8 అశ్వశక్తి వస్తుంది, నిజంగా ఇచ్చేది దాదాపు 23. అందుకే దాన్ని నేను "పన్ను గుర్రం" అంటాను. నిజమైన గుర్రాలు వేరు, పన్ను గుర్రాలు వేరు. ఈ ఇరుకు సిలిండర్ల వల్ల ఇంజను తక్కువ వేగంలో ఓపిగ్గా లాగుతుంది. ఎక్కువ వేగంలో మాత్రం ఆ పొడవైన దారిలో పిస్టన్ పరుగెత్తలేక రొప్పుతుంది. మా బండి గంటకు 40 మైళ్లు దాటితే ఆ రొప్పు నా అరికాళ్లకు తెలుస్తుంది. అది వట్టి ఇంజను చప్పుడు కాదు, 1920 నాటి ఆర్థిక చట్టం చేస్తున్న చప్పుడు.

ఫోర్డ్ కంపెనీకి ఈ పాఠం మిగతావారి కన్నా చేదుగా తెలిసింది. మాంచెస్టర్ దగ్గర తయారయ్యే మోడల్ టి బ్రిటన్ రోడ్లను ఏలుతున్న రోజులవి. దాని సిలిండర్ అడ్డుకొలత మూడు ముప్పావు అంగుళాలు. అమెరికాలో ఎవరికీ పట్టని ఆ కొలత ఇక్కడ లెక్కలో 22 అశ్వశక్తి దాటింది. ఏటా 23 పౌండ్ల పన్ను. మోరిస్ కౌలీకి 12 పౌండ్లు. ఆస్టిన్ సెవెన్‌కైతే ఎనిమిదే. ఆ కారు పేరులోని ఏడు కూడా పన్ను గుర్రాల లెక్కే. 1924 నాటికి మోరిస్ ఫోర్డును దాటిపోయింది. ధరల తగ్గింపులో మోరిస్ చూపిన తెగువా, అమ్మకాల తెలివీ కారణాలే, కాదనను. కానీ ఏడాదికి 11 పౌండ్ల తేడా ఆ రోజుల్లో గుమస్తా మూడు నాలుగు వారాల జీతం. ప్రతి జనవరిలోనూ గుర్తుకొచ్చే తేడా. ఆ తర్వాత మోడల్ ఎ వచ్చినప్పుడు ఫోర్డ్ బ్రిటన్ కోసం సిలిండరు సన్నం చేసి 14.9 అశ్వశక్తి ఇంజనును వేరుగా పెట్టింది. అదీ చాలలేదు. చివరికి 8 గుర్రాల మోడల్ వై. అంటే మా కారు పుట్టడమే ఆ పౌండు వల్ల.

ఈ సూత్రంతో ఎప్పుడైనా చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను కొలిచి చూడండి. ఆ మోడల్ ఇంజనులో నాలుగున్నర అంగుళాల సిలిండర్లు ఆరు. 48.6 అశ్వశక్తి. లండన్‌లో తిరిగి ఉంటే ఏటా 49 పౌండ్ల పన్ను పడేది. నిజాం కొలువులో ఎవరూ ఆ లెక్క వేసి ఉండరు.

1935లో పన్నును గుర్రానికి 15 షిల్లింగులకు తగ్గించారు. 1940లో పెంచారు. 1947లో కొత్త కార్లకు గుర్రాల లెక్కనే ఎత్తేసి, 1948లో ఏదైనా సరే ఏటా 10 పౌండ్లు అన్నారు. అప్పటి నుంచి బ్రిటిష్ సిలిండర్లు మెల్లగా వెడల్పు అయ్యాయి. పాతికేళ్లు ఒక దేశపు ఇంజన్లన్నీ ఒక ఆకారంలో ఉండి, చట్టం మారగానే ఇంకో ఆకారంలోకి మారాయంటే, ఆ ఆకారం ఎవరిది? డ్రాయింగు బల్ల దగ్గర కూర్చున్నవాడిది ఎంతో, ఖజానా దగ్గర కూర్చున్నవాడిదీ అంతే.

అక్కడితో డబ్బు కార్లను వదిలిపెట్టలేదు. 1940లో కొనుగోలు పన్ను వచ్చింది. 1947లో అసలు ధర వెయ్యి పౌండ్లు దాటిన కార్లకు ఆ పన్నును రెట్టింపు చేసి 66⅔ శాతానికి పెంచారు. మరుసటి ఏడు లండన్ ప్రదర్శనలో జాగ్వార్ ఎక్స్‌కే 120 అందరి కళ్లూ తిప్పేసింది. పన్ను కలపకముందు దాని ధర 998 పౌండ్లు. ఆ రెండు పౌండ్ల ఎడం యాదృచ్ఛికం కాదని నా గట్టి నమ్మకం. ఇప్పుడు ఆ 998ని నేటి డబ్బులోకి మార్చి అట్ట మీద రాయండి. వెయ్యి అనే గోడ మాయమైపోతుంది. గోడ అంచున ఆ కారు ఎంత నేర్పుగా ఆగిందో ఎవరికీ కనిపించదు.

1959 ఆగస్టులో వచ్చిన మినీ ధర ఇంకా చక్కటి ఉదాహరణ. 496 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు. దుకాణంవాడు ఐదు వందలని చెప్పకుండా కొసరు పెట్టి మాయ చేశాడని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, విడగొట్టి చూసేదాకా. కారు అసలు ధర సరిగ్గా 350 పౌండ్లు. మిగిలిన 146 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలూ కొనుగోలు పన్ను. ఆ చిల్లరలో ఒక్క పెన్నీ కూడా కంపెనీది కాదు, అంతా ప్రభుత్వానిదే. దశాంశంలో రాస్తే ఇది 496.96 అవుతుంది. ఆ అంకె చూసి ఎవరైనా ఏం కనిపెట్టగలరు? 350-0-0, 146-19-2 అని మూడు గళ్లలో రాసి కూడితే చిల్లర ఎటునుంచి వచ్చిందో కంటికే కనిపిస్తుంది.

మా బృందంలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు ఉన్నారు. పాత డబ్బుతో మిఠాయిలు కొన్న మనిషి. ఒకసారి ఆయన నన్ను సూటిగానే అడిగారు. నువ్వు ఎన్నడూ వాడని డబ్బు గురించి, నీ దేశాన్ని ఏలినవాళ్ల డబ్బు గురించి, నీకెందుకు ఇంత తపన అని. న్యాయమైన ప్రశ్న. రూపాయిని షిల్లింగున్నరకు ఎవరి మేలు కోసం కట్టారన్న గొడవ నాకు తెలుసు. ఆ ధర మన రైతుకు, మన ఎగుమతులకు నష్టమని ఆనాడే దేశంలో పెద్ద పోరు జరిగింది. మా తాతయ్య తరం ఆ ధరలోనే ధాన్యం అమ్ముకుంది. అందుకే నాకు ఆ డబ్బు పరాయిది కాదు. దాన్ని మెచ్చుకోవడానికి కాదు, చదవడానికి నేర్చుకున్నాను. పెద్దాయనకు అదే చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, తాను బడిలో ఆ లెక్కలకు దెబ్బలు తిన్నానని చెప్పి, నోటు పుస్తకం ఇలా ఇమ్మన్నారు. ఒక పేజీ మొత్తం వేలు పెట్టి కూడారు. తప్పు పోలేదు.

ఈ ఏడాది అదే మైదానంలో అట్టను నేనే తయారుచేసుకుని వెళ్లాను. నాలుగో గడి కొట్టేసి, "29 వారాల కూలి" అని రాశాను. చవక అన్నవారు ఒక్కరూ లేరు. పక్కన నోటు పుస్తకాన్ని గాజు పెట్టెలో తెరిచి ఉంచాను. ఏ పేజీ తెరవాలని చాలాసేపు ఆలోచించి, చివరి పేజీ తెరిచాను.

1936 నుంచి 1939 వరకు జనవరి నెలల్లో ఆ పేరు తెలియని మనిషి రాసిన పంక్తి ఒకటే. పన్ను, 6-0-0. ఎనిమిది గుర్రాలు, గుర్రానికి పదిహేను షిల్లింగులు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది, ఆ నెలలోనే పెట్రోలుకు రేషను వచ్చింది. 1940 జనవరి నుంచి పన్నును గుర్రానికి 25 షిల్లింగులకు పెంచుతున్నట్టు అంతకుముందే, 1939 ఏప్రిల్‌లోనే ప్రకటించారు. చివరి పేజీ అడుగున పెన్సిలుతో వేసిన గుణకారం ఉంది. 8 x 25 = 200 షిల్లింగులు. దాని కింద 10-0-0. ఆ పది మీద అడ్డంగా ఒక గీత. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.